మన పిల్లలు ఏ గడిలో ఉన్నారు?



నాచారంలో బస్సెక్కి తార్నాకలో దిగి, ఉస్మానియా దిక్కు కొంచెం నడిస్తే జాతీయ పోషకాహార సంస్థ గేటు వస్తుంది. మనోళ్లు చాలామంది దాని ముందు నుంచే పోతుంటారు. యూనివర్సిటీలో చదివేవాళ్లు, నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు డ్యూటీ చేసేవాళ్లు, ఉప్పల్ దిక్కు అపార్ట్‌మెంట్లకు కాపలా ఉండేవాళ్లు. లోపల ఏం జరుగుతుందో మాత్రం ఎవరం పట్టించుకోం. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కి వచ్చిన సంస్థ అది. ఈ దేశంలో పిల్లల తిండి గురించి ప్రభుత్వాలు తీసుకున్న చాలా నిర్ణయాల వెనక ఆ గేటు లోపల తీసిన లెక్కలున్నాయి. చిన్నప్పుడు ఆరు నెలలకోసారి మన నోట్లో చెంచాతో పోసిన విటమిన్-ఏ మందు గుర్తుందా? ఆ కార్యక్రమం 1970లో దేశమంతా మొదలైంది ఇక్కడి పరిశోధన ఆధారంగానే.

ఇయ్యాల రాస్తున్నది ఆ లెక్కల గురించి. ఎవరి పిల్లల్ని కొలిచారు, ఎవరి పిల్లల్ని కొలవలేదు, దాంతో మనకు ఒరిగిందేంటి, పోయిందేంటి అని. లెక్కలు, సర్వేలు అనగానే చదవడం ఆపేయకండి. మన ఉద్యమంలో భూమి గురించి మాట్లాడినంత గట్టిగా పిల్లల గురించి మాట్లాడం. మాట్లాడాల్సి వచ్చినప్పుడు చేతిలో కాగితం ఉండదు.

ముందు ఒక మంచి కథ చెప్తా. ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి ఎల్‌బీనగర్ పోయి సాగర్ రోడ్డు పట్టుకుంటే ఇబ్రహీంపట్నం. 1987 నుంచి 1990 దాకా ఆ చుట్టుపక్కల 29 ఊళ్లలో పోషకాహార సంస్థ ఒక అధ్యయనం చేసింది. అప్పుడు అంగన్‌వాడీ పథకం ఊరూరికీ ఒకేసారి రాలేదు, విడతలవారీగా వచ్చింది. 15 ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ తిండి అందింది. మిగతా 14 ఊళ్లకు పథకం ఇంకా చేరలేదు. పెట్టింది పెద్ద విందేం కాదు, మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో చేసిన ఉప్మా.

అసలు విషయం తర్వాత జరిగింది. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసుకొచ్చాక పరిశోధకులు మళ్లీ ఆ ఊళ్లకు పోయారు. 1,165 మందిని కొలిచారు. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు మిగతావాళ్లకంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తున్నారు. షుగరు, గుండె జబ్బుల ముప్పును చూపే కొలతలు కూడా వాళ్లలో మెరుగ్గా ఉన్నాయి. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇది అచ్చయింది. 14 మిల్లీమీటర్లంటే వేలి గోరంత. దీనికేనా ఇంత హడావిడి అనిపిస్తుంది. కానీ వాళ్లు అక్కడ ఆగలేదు. అదే పిల్లలకు ఇరవై దాటాక చదువు, పని, పెళ్లి గురించి కూడా అడిగారు. చిన్నప్పుడు తిండి అందిన ఊళ్లవాళ్లు ఎక్కువమంది పదో తరగతి దాటారు, డిగ్రీలు పూర్తి చేశారు. ఉద్యోగంలోనో పైచదువులోనో ఉన్నవాళ్లు కూడా ఆ ఊళ్లలోనే ఎక్కువ. ఆ వయసుకి పెళ్లయిపోయినవాళ్లు తక్కువ.

మూడేళ్ల పిల్లకి పెట్టిన గరిటెడు ఉప్మా ఇరవై ఏళ్ల తర్వాత ఆమె పెళ్లి వయసుని జరిపింది. అంగన్‌వాడీ అంటే "గుడ్లు పంచే చోటు" అని ఎగతాళి చేసే పెద్దమనుషులు ఉన్నారు కదా, వాళ్లకి ఇది చూపించాలి.

ఇదొక్కటే కాదు. మధ్య అమెరికాలో గ్వాటెమాలా అనే దేశముంది. 1969 నుంచి 1977 దాకా అక్కడ నాలుగు ఊళ్లలో ఇలాంటి ప్రయోగమే జరిగింది. రెండు ఊళ్లలో పిల్లలకు మాంసకృత్తులున్న చిక్కటి జావ ఇచ్చారు, రెండు ఊళ్లలో మామూలు తీపి పానీయం ఇచ్చారు. పుట్టినప్పటి నుంచి రెండేళ్ల వయసు దాకా జావ అందిన మగపిల్లలు పెద్దయ్యాక, తాగనివాళ్లకంటే గంటకు 46 శాతం ఎక్కువ కూలి సంపాదించారు. పిల్లల తిండి మీద ఖర్చు దానం కాదు, పెట్టుబడి అని ఆర్థికవేత్తలు ఇప్పుడు ఇంత ధైర్యంగా చెప్తున్నారంటే, ఇలాంటి ఊళ్లలో ఏళ్ల తరబడి కూర్చొని తీసిన లెక్కల వల్లే.

ఇంకోటి మన ఈడువాళ్ల గురించి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన యంగ్ లైవ్స్ అధ్యయనం 2002లో నాలుగు దేశాల్లో మొదలైంది: ఇథియోపియా, పెరూ, వియత్నాం, భారత్. మొత్తం 12,000 మంది పిల్లలు. భారత్ అంటే దేశమంతా కాదు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒక్కటే. ఇక్కడ 2001-02లో పుట్టిన 2,000 మందిని, 1994-95లో పుట్టిన 1,000 మందిని ఎంచుకుని, కొన్నేళ్లకోసారి మళ్లీ మళ్లీ వాళ్ల ఇళ్లకు పోయారు. బేగంపేటలోని సెస్ సంస్థ ఇందులో భాగస్వామి. ఆ పిల్లల్లో చిన్నవాళ్లకు కూడా ఇప్పుడు ఇరవై దాటాయి. మన హాస్టల్ బ్యాచ్ లాంటోళ్లే అనుకోండి.

ఆ అధ్యయనం తేల్చినవాటిలో ఒకటి మధ్యాహ్న భోజనం గురించి. సుప్రీంకోర్టు 2001 నవంబర్ 28న బడుల్లో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. 2003 జనవరి నుంచి మన రాష్ట్రంలో పెట్టడం మొదలైంది. సరిగ్గా ఆ ముందే పెద్ద కరువు. అభిజిత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టీఫన్ డెర్కాన్ అనే పరిశోధకులు యంగ్ లైవ్స్ లెక్కలు తీసి చూశారు. కరువు దెబ్బకి ఎండిపోయిన పిల్లల్లో బడి భోజనం తిన్నవాళ్లు ఆ నష్టాన్ని పూడ్చుకున్నారు. తిననివాళ్లు పూడ్చుకోలేకపోయారు. అదే లెక్కలతో ఇంకో బృందం ఉపాధి హామీని చూసింది. తల్లికి పని దొరికిన ఇళ్లలో పిల్లలు బడిలో గడిపే సమయం పెరిగింది. తండ్రికి కాదు, తల్లికి అన్నది గమనించండి. చేతికొచ్చిన కూలి ఆమె ఎక్కడ పెడుతుందో మనకెవరూ చెప్పక్కర్లేదు.

చేదు నిజాలూ ఉన్నాయి. ఎనిమిదేళ్ల పిల్లల్ని "పోయిన వారంలో బడిలో దెబ్బలు తిన్నావా" అని అడిగితే 78 శాతం మంది తిన్నామన్నారు. పెద్ద బ్యాచ్ ఆడపిల్లల్లో 37 శాతానికి పందొమ్మిదేళ్లకే పెళ్లిళ్లయ్యాయి, 28 శాతానికైతే పద్దెనిమిది కూడా నిండకముందే. ఆశ్రమ పాఠశాలల్లో చదివొచ్చిన మనకి ఈ రెండు సంఖ్యలు చూస్తే ఆశ్చర్యం వెయ్యదు. ఎవరో ఒకరు రాసిపెట్టారు కదా అనిపిస్తుంది, అంతే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా.

యంగ్ లైవ్స్ కోసం ఎంచుకున్న జిల్లాలు ఇవి: శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, మహబూబ్‌నగర్, కరీంనగర్, హైదరాబాద్. ఒకసారి మళ్లీ చదవండి. ఆదిలాబాద్ లేదు. ఖమ్మం లేదు. వరంగల్ లేదు. విశాఖ ఏజెన్సీ లేదు. శ్రీకాకుళంలో ఒక గిరిజన ప్రాంతం ఉంది, అంతవరకు మంచిదే. కానీ గోండు పిల్ల, కోలాం పిల్ల, గోదావరి ఇవతలి ఒడ్డు కోయ పిల్ల ఆ మూడు వేలలో ఉండే అవకాశం చాలా తక్కువ. ఇబ్రహీంపట్నం ఊళ్లేమో పట్నానికి దగ్గర మైదానం ఊళ్లు. గ్వాటెమాలా సంగతి ఇంకా విచిత్రం. మాయా ఆదివాసీలు కోట్లలో ఒకరిద్దరు కాదు, దేశ జనాభాలో పెద్ద భాగం. అయినా ప్రపంచమంతా చెప్పుకునే ఆ నాలుగు ఊళ్లు స్పానిష్ మాట్లాడే లదినో ఊళ్లే.

పరిశోధకుల మీద నేను కుట్ర ఆరోపణ చెయ్యట్లేదు. రోడ్డున్న ఊరికి పోవడం సులువు, భాష తెలిసిన ఊళ్లో అడగడం సులువు. పద్ధతి ప్రకారమే ఎంచుకున్నారు. కానీ ఫలితమేంటి? తిండి పెడితే పిల్లలు ఎట్ల ఎదుగుతారో తెలిసింది, ఎక్కడ తెలిసిందంటే అంగన్‌వాడీ గేటు దాకా నడిచి పోగలిగే ఊళ్లలో. వాగు దాటితే గానీ కేంద్రం రాని గూడెంలో, టీచర్ మాట్లాడే భాష పిల్లకి అర్థం కాని గూడెంలో అదే పథకం అదే ఫలితం ఇస్తుందా? ఇయ్యకపోతే ఎక్కడ ఆగుతుంది? ఈ ప్రశ్నకి జవాబు లేకుండానే బడ్జెట్ రాస్తారు, మెనూ రాస్తారు.

సగటు అనేది చాలా మర్యాదస్తురాలు. ఎవరినీ నొప్పించదు, ఎవరి గురించీ నిజం చెప్పదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో వయసుకు తగ్గ ఎత్తు లేని ఐదేళ్లలోపు పిల్లలు 2015-16లో 28 శాతం ఉంటే, 2019-20కి 33.1 శాతానికి పెరిగారు. అందరికీ చూపించే రాష్ట్ర సగటు అది. దేశం మొత్తానికి అదే సర్వే సంఖ్య 35.5, ఎస్టీ పిల్లల్లో 40.9. ఇక్కడికి వచ్చేసరికి మనం సంతోషపడతాం, మన గడి వేరుగా చూపించారని. కానీ ఆ ఎస్టీ గడిలో ఎవరెవరున్నారు? 2024 నవంబర్‌లో మొదలైన రాష్ట్ర కులగణనలో ఎస్టీలు 37.05 లక్షలు, జనాభాలో 10.45 శాతం అని తేలింది. అందులో రోడ్డు పక్క తండాలో ఉన్న పిల్ల, నల్లమల పెంటలో ఉన్న చెంచు పిల్ల, ఉట్నూరు కొండమీద కోలాం పిల్ల అందరూ ఒకే గడిలో కూర్చుంటారు. నేను ఇక్కడ ఎవరి రిజర్వేషన్ గురించీ మాట్లాడట్లేదు, ఆ తగాదా వేరే. తండాలో పిల్ల ఆకలి కూడా ఆకలే. కానీ లక్షల్లో ఉన్న జనంతో వేలల్లో ఉన్న చెంచుల్ని కలిపి సగటు తీస్తే, చెంచు పిల్లలు సగం మంది ఎండిపోయినా ఆ సంఖ్య ఇసుమంత కూడా కదలదు. కదలని సంఖ్యని ఏ ఆఫీసరు చూస్తాడు?

ఒకప్పుడు కొంత వేరుగా చూసేవాళ్లు. తార్నాక సంస్థ నడిపిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో 1972లో మొదలైంది. గిరిజన ప్రాంతాల్లో ప్రత్యేకంగా సర్వేలు చేసింది: 1985-87లో, 1998-99లో, ఆ తర్వాత మరోసారి. చివరి సర్వేలో కూడా గిరిజన పిల్లల్లో సగానికి పైగా తక్కువ బరువుతో ఉన్నట్టు తేలింది. 2015లో ఆ బ్యూరోనే మూసేశారు. ఇదొక పెద్ద వార్త కావాల్సింది. మనలో ఎవరికైనా తెలుసా? అడవి హక్కుల పట్టా ఒక్కటి రద్దయితే రోడ్డెక్కుతాం. మన పిల్లల్ని కొలిచే త్రాసు ఎత్తుకుపోతే మాత్రం మనకు వార్త కూడా అందలేదు.

మీలో కొందరు ఇప్పుడు అడుగుతారు, "అన్నా, సర్వే చేయించుకోమంటున్నావా? సర్వే వచ్చిన ప్రతిసారి మనకు ఏదో ఒకటి పోయింది కదా" అని. నిజమే. కొలత టేపు పట్టుకుని వచ్చినోడి వెనక ప్రాజెక్టో, పులుల అభయారణ్యమో వచ్చిన గూడేలు మనకు చాలా ఉన్నాయి. ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలంతో సహా మూడు మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్ కలిసి చేసిన అధ్యయనం అది. చాలామంది హాస్టల్ పిల్లలు, చాలామంది మనోళ్లు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ప్రభుత్వ విచారణ కమిటీ ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చనే చెప్పింది. ఆ టీకా మంచిదే, ఇప్పుడు చాలా దేశాలు వేస్తున్నాయి. ఆ విషయంలో వాట్సాప్ పుకార్లు నమ్మి మీ చెల్లెళ్లకు టీకాలు ఆపొద్దు. కానీ అదే విచారణలో ఇంకోటి బయటపడింది. 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది తల్లిదండ్రులు కాదు, వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

కాబట్టి భయం ఊరికే రాలేదు. అయినా సర్వేని తరిమేస్తే మన పిల్లలు లెక్కలోంచే పోతారు. మన తల్లిదండ్రుల సంతకం లేకుండా జరిగే సర్వే వద్దు, మన సంతకంతో, మన భాషలో అడిగి, ఫలితం మన గూడేనికే తెచ్చి చెప్పే సర్వే కావాలి. ఈ తేడా చెప్పడం మనం నేర్చుకోవాలి.

అట్లాంటిది జరగనే జరగదు అనుకోకండి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక నిజాం ప్రభుత్వానికి ఉలుకు పుట్టింది. గోండుల సంగతి చూడమని మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌ని పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి, ఇంటింటి బతుకు రాసుకుని, భూమి సమస్యతో పాటు పిల్లల చదువు గురించి కూడా ప్రభుత్వానికి చెప్పాడు. 1943లో మార్లవాయిలోనే గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం పెట్టారు, గోండి వాచకాలు తయారయ్యాయి. గోండు పిల్లలకి గోండి మాట్లాడే గోండు పంతులు. ఎనభై ఏళ్ల కింద! ఆయన్ని దేవుణ్ణి చెయ్యమని కాదు, ప్రభుత్వం తన అవసరానికే పంపింది. అయినా ఊళ్లో ఉండి చూసినోడి కాగితం బడిగా మారింది, అది నిజం. ఇప్పుడు ఆ కాగితం రాయడానికి ఆస్ట్రియా నుంచి ఎవరూ రానక్కర్లేదు. మన దగ్గర ఎం.ఏ.లు, బీ.ఎస్సీ. నర్సింగులు, స్టాటిస్టిక్స్ డిగ్రీలు ఉన్నాయి.

ఇప్పుడు పట్నం సంగతి. ఇది నాకు అన్నిటికంటే ఎక్కువ మండే విషయం.

ములుగు నుంచి, ఏటూరునాగారం నుంచి, భూపాలపల్లి నుంచి వరంగల్ రోడ్డు మీద వచ్చేవాళ్లకి హైదరాబాద్ అంటే మొదట ఉప్పల్ రింగ్ రోడ్డే. బస్సు దిగి, మూటలు దించి, మెట్రో పిల్లర్ల కింద నిలబడి మేస్త్రీకి ఫోన్ చేస్తారు. అక్కడి నుంచి నాచారం, మల్లాపూర్, బోడుప్పల్, పీర్జాదిగూడ. కట్టే బిల్డింగుల్లో కూలి, అయిపోయిన బిల్డింగుల్లో వాచ్‌మన్. సంకలో పిల్ల ఉంటుంది. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి శివారు ఇటుక బట్టీలకు వచ్చేవాళ్లలోనూ ఆదివాసీలు ఉన్నారు. అభయ్ బంగ్ అధ్యక్షతన నిపుణుల కమిటీ 2018లో ఇచ్చిన గిరిజన ఆరోగ్య నివేదిక చెప్పిన ముఖ్యమైన మాట: దేశంలో ఆదివాసీల్లో సగం కంటే ఎక్కువమంది, ఆదివాసీలు మెజారిటీగా ఉన్న బ్లాకుల బయటే బతుకుతున్నారు. మన విధానాలన్నీ మాత్రం ఏజెన్సీ గీత లోపలే ఉన్నాయి. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం, మన్ననూరుకి ఐటీడీఏలు ఉన్నాయి. ఉప్పల్‌కి ఏ ఐటీడీఏ ఉంది? ఊళ్లో పిల్లకి గిరి పోషణ కింద చిరుధాన్యాల ఆహారం ఇచ్చిన రోజులున్నాయి, అదే పిల్ల ఉప్పల్ రింగ్ రోడ్డు దిగేసరికి గిరిజన పిల్ల కాకుండా పోతుంది. ఏజెన్సీలో 300 జనాభా ఉంటే ఒక అంగన్‌వాడీ పెట్టొచ్చు. పట్నంలో నిబంధన 400 నుంచి 800. అది కూడా బస్తీ అని రికార్డుల్లో ఉంటేనే. అపార్ట్‌మెంట్ సెల్లార్ బస్తీ కాదు కదా.

నాచారంలో మేం అద్దెకుండే గల్లీలో కడుతున్న బిల్డింగు దగ్గర ఏటూరునాగారం దిక్కు నుంచి వచ్చిన కోయ కుటుంబం కాపలా ఉంది. వాళ్ల పాప చిన్నది, ఇంకా మూడేళ్లు నిండలేదు. తల్లి ఇక్కడి కేంద్రానికి పోతే, "మీ పేరు ఊళ్లో ఉందమ్మా, ఆధార్ కూడా అక్కడిదే, అక్కడ తీసేయించుకుని రా" అన్నారు. ఊరికి ఫోన్ చేస్తే, "మీరు ఇక్కడ ఉంటలేరు కదక్కా, సరుకు ఎవరికియ్యాలె" అన్నారు. రెండు చోట్లా అబద్ధం లేదు. పాప మాత్రం రెండు చోట్లా లేదు. నాకు ఆ టీచర్ల మీద కోపం లేదు. వాళ్లకొచ్చే సరుకు రిజిస్టర్‌లో తలల లెక్క ప్రకారమే వస్తుంది, జీతం అంతంతే, యాప్ పని అదనం. 2021లో తెచ్చిన పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఒక కేంద్రం నుంచి ఇంకో కేంద్రానికి పేరు మార్చుకునే వీలుంది. అడిగితే చేస్తారు. కానీ ఉందని ఆ తల్లికి ఎవరు చెప్పాలి? ఏ భాషలో చెప్పాలి?

2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా ప్రతి పిల్లకీ స్థానిక అంగన్‌వాడీలో ఉచితంగా తిండి హక్కు. రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు అని 2013లో చట్టం చేసినప్పుడు దాని వెనక పట్టికలో రాశారు. పిల్ల బరువు మరీ తక్కువుంటే 800 కేలరీలు అని రాశారు. ఆధార్‌లో ఉన్న ఊళ్లోనే తినాలని ఆ చట్టంలో లేదు. అంతకుముందే, 2006 డిసెంబర్ 13న సుప్రీంకోర్టు ఇంకో ఆదేశం ఇచ్చింది. ఎక్కడైనా ఒక ఆవాసంలోనో, మురికివాడలోనో ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండి అంగన్‌వాడీ లేకపోతే, అక్కడివాళ్లు అడిగిన రోజు నుంచి మూడు నెలల్లోగా పెట్టాలి. అడిగితే పెట్టాలి. ఎవరూ అడగలేదు కాబట్టి పెట్టలేదు. అడగాలంటే 40 మంది అని చూపించాలి. చూపించాలంటే ఎవరో ఒకరు లెక్క తీయాలి.

ఇబ్రహీంపట్నంలో ఉప్మా లెక్క రాసిపెట్టినవాళ్లు చేసింది కూడా అదే. ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు, ఎంత ఎత్తున్నారు. నోటుబుక్కు, త్రాసు, ఓపిక. ఇరవై ఏళ్ల తర్వాత ఆ నోటుబుక్కు దేశంలో అంగన్‌వాడీలకు సాక్ష్యమైంది.

మన దగ్గర ఇప్పుడు సమయం కూడా ఉంది. 2027 ఫిబ్రవరిలో జనగణన. ఈసారి ప్రతి ఒక్కరి కులం అడుగుతారు. ఉప్పల్, నాచారం, మల్కాజిగిరి దిక్కు ఉన్న మనోళ్లందరికీ చెప్పండి: ఉంటున్న చోటే రాయించుకోవాలి, "ఎస్టీ" అని ఒక్క మాటతో వదిలేయకుండా కోయ, గోండు, కోలాం, చెంచు, నాయకపోడు, కొండరెడ్డి, తోటి, ఏదైతే అది తెగ పేరు చెప్పాలి. మాతృభాష గడిలో గోండి మాట్లాడేవాళ్లు గోండి అనే చెప్పాలి. సిగ్గుపడి తెలుగు అని రాయించుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ సిగ్గు ఖరీదు తర్వాత బడిలో మన పిల్లలు కడతారు. సెల్లార్లలో, కడుతున్న బిల్డింగుల్లో ఉన్నవాళ్ల దగ్గరికి ఎన్యుమరేటర్ రాకపోతే మనమే తీసుకుపోవాలి.

జనగణన దాకా ఆగాల్సిన పని లేనిది అంగన్‌వాడీ దరఖాస్తు. నాచారం, మల్లాపూర్ దిక్కు ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు వచ్చే నెల ఆదివారాలు ఖాళీ పెట్టుకోండి. ఇద్దరిద్దరుగా తిరగాలి, అందులో ఒకరు అమ్మాయి ఉండాలి, ఒకరికైనా ఆ ఇంటివాళ్ల భాష రావాలి. ముందు ఎందుకు అడుగుతున్నామో చెప్పండి. వద్దంటే నవ్వి వచ్చేయండి, వార్డెన్ సంతకాల కథ మనం మర్చిపోకూడదు. ఒప్పుకుంటే రాసుకోవాల్సినవి: పిల్ల పేరు, పుట్టిన నెల, తెగ, ఇంట్లో భాష, సొంత ఊరు, ఇప్పుడున్న చోటు, ఏ అంగన్‌వాడీలోనైనా పేరుందా లేదా. మన పిల్లలే కాదు, ఆ గల్లీలో పక్కింటి దళిత పిల్లలు, ఒడిశా పిల్లలు, బిహార్ పిల్లలు అందరినీ రాయండి, 40 అనేది అందరూ కలిసి. ఫొటోలు తియ్యొద్దు. ఆ జాబితాని ఏ గ్రూపులోనూ పెట్టొద్దు, ఈ పేజీలో కూడా పెట్టొద్దు.

ఒకే చోట 40 దాటితే దరఖాస్తు రాయండి. తెలుగులోనే, ఒక పేజీ చాలు. ఆవాసం ఎక్కడుంది, ఆరేళ్లలోపు ఎంతమంది, దగ్గరి కేంద్రం ఎంత దూరం, 2006 డిసెంబర్ 13 నాటి సుప్రీంకోర్టు ఆదేశం, 2013 ఆహార భద్రతా చట్టం. కింద తల్లుల సంతకాలో వేలిముద్రలో పెట్టించండి, మనవి కాదు. 40 కాకపోతే దగ్గరి కేంద్రంలో ఆ పిల్లల పేర్లు ఎక్కించమని అడుగుతూ రాయండి. ఒక కాపీ మీ ఏరియా సీడీపీఓకి, ఒకటి జిల్లా సంక్షేమ అధికారికి. మూడోది పట్టుకుని సోమవారం శామీర్‌పేట దగ్గర కలెక్టరేట్‌లో ప్రజావాణికి పోండి. తల్లులు ఒకరిద్దరైనా రావాలి, వాళ్ల ఆ రోజు కూలి మనం చందా వేసుకుని ఇయ్యాలి. నాలుగో కాపీ మీ దగ్గర పెట్టుకోండి. దాని మీద ఆఫీసు ముద్ర, తేదీ ఉన్నాయో లేదో చూసుకునే కుర్చీలోంచి లేవండి. మూడు నెలల లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది.